తిరిగే రాడ్డు కాడ

1980 దాటినంక మా దిక్కు మోటబావులు ఎండుడు షురువైంది బిడ్డా. అగో, అప్పుడు దిగినయి తమిళనాడు తిరుచెంగోడు నుంచి బోరుబండ్లు. కొబ్బరికాయ కొట్టి బోరేస్తుంటే ఊరంత జాతర లెక్క చూసేది. నేను గా బండి మీదనే హెల్పర్‌గ చేరిన. హెల్మెట్టా? ఎవని నెత్తికి లేదు. రబ్బరు చెప్పులతోని 20 అడుగుల ఇనుప రాడ్డుకు పానా బిగిచ్చేటోళ్లం.

తిరిగే రాడ్డును చూస్తే భయం కాదు. మెల్లగ తిరుగుతది, గదే మోసం. లుంగీ కొస తాకిందా, ఒక చుట్టు బట్టను చుడతది, రెండో చుట్టుకు మనిషిని గుంజుతది. ఆపరేటర్ లీవరు అందుకునేసరికి చెయ్యి ఉండది. మా డ్రిల్లరు తమిళాయన, ముసలోడు. కొత్త పోరడు రాంగనే మెడల తువ్వాల గుంజి క్యాబిన్ల పడేసేటోడు. లుంగీ తీపిచ్చి ప్యాంటు తొడిగిపిచ్చేటోడు, అంగీ గుండీలు మణికట్టు దాంక పెట్టిపిచ్చేటోడు. చేతికున్న తాయెత్తు దారం సుత తెంపుతుంటే పోరగాళ్లు ఏడ్చేది! తోలు గ్లౌజులు రాడ్లు ఎత్తేటప్పుడే. తిరిగేదాని దగ్గర వాటినీ నమ్మకపోయేది, గ్లౌజు కొస దొరికితే ఏలు దొరికినట్టే.

కంప్రెసర్ మోతల మాట వినవడది, అన్నీ చేతి సైగలే. ఇప్పుడు మీ అవ్వ పిలుస్తే నాకు వినవడకపోవుడు అందుకే. కావాలని కాదు, సగం సార్లు.

అన్నిటికన్న పాడుది దుమ్ము. నీళ్లు పడేదాంక బోరుబండి బండను పిండి చేసి గాలితోని పైకి ఊదుతది, చేనంత తెల్లగయితది. తడి దస్తీ ముక్కుకు కట్టేటోళ్లం. కండ్లకు కనవడే దుమ్మునే అది ఆపేది. ఊపిరితిత్తులను తినేది కనవడనిది. దగ్గి దగ్గి చిక్కిపోయి, టీబీ అనుకొని మందులు మింగినోళ్లున్నరు. సిలికోసిస్ అది, నయమయ్యేది కాదు. ఎన్95 అసొంటి మాస్కు కావాలె, అదీ మొఖానికి అతుక్కోవాలె. గడ్డం పెంచినోనికి సందులకెళ్లి దుమ్ము పోతది.

మొన్న పక్క చేన్ల బండి ఒచ్చింది. ఒడిశా పోరగాళ్లు, గంబూట్లున్నయి, హెల్మెట్లున్నయి. మాస్కులు గదువ కింద! ఊదే గాలిల కొన్ని నీళ్లు కలిపితే దుమ్మే లేవదు గదా, ట్యాంకరు తెప్పియ్యమని రైతుకు చెప్పిన.

"నీళ్లు లేకనే బోరేస్తున్న, నీళ్లు తెమ్మంటవేందే తాతా!" అన్నడు.