బారిష్టరు ప్రకాశము పంతులుగారి న్యాయవాద వృత్తి

మన సంఘ వార్షిక సంచికలయందు మహాపురుషుల చరిత్రములు తఱచుగా ప్రకటింపబడుచున్నవి. వానిలో టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు వచ్చినప్పుడెల్ల 1928 వ సంవత్సరమున చెన్నపురిలో సైమను సంఘమును బహిష్కరించుట, పోలీసువారి తుపాకి కెదురుగా ఱొమ్ము చూపుట, పిదప ముఖ్యమంత్రిత్వము, ఇవియే వర్ణింపబడును. అంతకుముందాయన రెండు దశాబ్దములకు పైగా న్యాయవాదియై జీవించెననియు, ఆ వృత్తియే ఆయన మాటకు పదును పెట్టెననియు వ్రాయువారు తక్కువ. మేము బడిలో సంస్కృతాంధ్రములు బోధించినవారమే కాని న్యాయశాస్త్ర పట్టభద్రులము గాము. అయినను ధర్మశాస్త్ర గ్రంథములతోడి పరిచయము కొంత యుండుటచే ఈ విషయము నెత్తికొంటిమి. పంతులుగారిని ఒక్క కులమువానిగా జెప్పుకొనుట మా యుద్దేశము గాదని మొదటనే మనవి చేయుచున్నాము.

ఆయన 1872 వ సంవత్సరము ఆగష్టు 23 వ తేదీన ఒంగోలు ప్రాంతమునందలి వినోదరాయునిపాలెమున జన్మించెను. తండ్రి గోపాలకృష్ణయ్యగారు కుమారుని బాల్యముననే కాలధర్మము నొందగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలునందు పూటకూళ్ళ యిల్లు నడిపి పిల్లలను పోషించెను. పూటకూళ్ళమ్మ యనిన ఆ కాలమున సంఘములో ఎట్టి చులకన యుండెడిదో వృద్ధులకు దెలియును. పిల్లవానిలోని తెలివిని గుర్తించి చేరదీసి రాజమహేంద్రవరమునకు దీసికొనిపోయి చదివించినవారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయులు. ఆ నాయుడుగారు పంతులుగారి కులమువారు కారు. కులసంఘ సంచికలో ఈ సంగతి వ్రాయుటకు మేము సంకోచింపము. ఉపాధ్యాయవృత్తిలో నుండినవారము గనుక దీనిని విడువనే లేము.

ఇక వృత్తివిషయము. ఆనాటి చెన్నరాజధానిలో న్యాయవాదులందఱును ఒక తెగ కారు. ఇంగ్లండున చదివి వచ్చిన బారిష్టరులు ఒక తరగతి. బి. ఏ. పిదప బి. ఎల్. చదివి హైకోర్టునందు చేరిన వకీళ్ళు మఱియొక తరగతి. జిల్లాలలో ప్లీడర్లు, అందులో మరల మొదటి గ్రేడు, రెండవ గ్రేడు. 1879 వ సంవత్సరపు చట్టము ఈ విభాగములను స్థిరపఱచినది. రెండవ గ్రేడు ప్లీడరునకు క్రింది కోర్టులలోనే ప్రవేశము. తాను గెలిపించిన వ్యాజ్యమే హైకోర్టునకు అప్పీలుగా పోయినచో, దాని మర్మములన్నియు ఎఱిగినవాడు వెనుక గూర్చుండవలయును. ఎఱుగనివాడు లేచి వాదింపవలయును. మన శాస్త్రములలో అధికారి భేదము చెప్పబడినది గాని అది విద్యను బట్టి. ఇది పట్టమును బట్టి.

పంతులుగారికి బి. ఏ. పట్టము లేదు. కావున బి. ఎల్. ద్వారము మూసియుండెను. రెండవ గ్రేడు ప్లీడరుగా ఒంగోలున స్వల్పకాలము, తరువాత రాజమహేంద్రవరమున ఆయన పనిచేసెను. క్రిమినలు వ్యవహారములందు సాక్షులను అడ్డుప్రశ్నలు వేయుటలో గట్టివాడని పేరు వచ్చెను, ధనమును చేకూరెను, పురపాలక సంఘాధ్యక్షపదవియు లభించెను. చాలమందికి ఇంతటితో తృప్తి కలిగెడిది. కాని ఆయన సామర్థ్యమును చూచిన యొక బారిష్టరు, నీవును సీమకు బోయి బారిష్టరువై రారాదా యని హెచ్చరింపగా, ఆ మాట మనసున నాటుకొనెను.

ఇందొక సూక్ష్మము కలదు. స్వదేశమున బి. ఏ. లేనిదే తెఱవని ద్వారము, సముద్రము దాటినచో తెఱచుకొనెడిది! లండనులోని లింకన్సు ఇన్ను, ఇన్నరు టెంపులు, మిడిలు టెంపులు, గ్రేసు ఇన్ను అను నాలుగు న్యాయవిద్యాసత్రములలో ఏదేని యొకదానియందు చేరుటకు ఆ కాలమున విశ్వవిద్యాలయపట్టము తప్పనిసరి గాకుండెను. ఏటికి నాలుగు టర్ములు, పండ్రెండు టర్ములు పూర్తి చేయవలసియుండెను, అనగా మూడేండ్లు. ప్రతి టర్మునందును ఇన్నువారి భోజనశాలలో నియమిత సంఖ్యలో విందులకు హాజరు కావలసియుండెను. పరీక్షలు వేఱుగా నుండెడివి. భోజనము చేసి న్యాయవాదులగుదురని మనవారు పరిహసించుట దీనిని బట్టియే. గురుకులమున సహవాసమువలన ఆచారమబ్బునను ప్రాచీన భావమే అక్కడను గలదని మాకు దోచుచున్నది.

ఆ దినములలో సముద్రయానము చిన్న సంగతి గాదు. పంతులుగారు 1904 లో బయలుదేరుటకు ముందు మద్యమాంసములను, పొగత్రాగుటను ముట్టనని తల్లికి మాట యిచ్చిరి. ముప్పదియేండ్లు దాటిన గృహస్థు, సాగుచున్న వృత్తిని, పదవిని విడిచి మరల విద్యార్థియై కూర్చుండుట గమనింపదగినది. లండనులో నుండగనే ఆయన దాదాభాయి నౌరోజీగారి పార్లమెంటు ఎన్నికకై పనిచేసెను.

1907 లో బారిష్టరై తిరిగివచ్చి, రాజమహేంద్రవరమునకు గాక చెన్నపట్టణమునకే పోయి హైకోర్టున ప్రవేశించెను. 1862 లో నేర్పడిన ఆ న్యాయస్థానమునకు రెండు పార్శ్వములు: పట్టణ వ్యాజ్యములను నేరుగా విచారించు ఒరిజినలు సైడు, జిల్లాల అప్పీళ్ళను విచారించు అప్పిలేటు సైడు. ఆనాటి ఆంగ్లేయ సంప్రదాయమున బారిష్టరు కక్షిదారునితో నేరుగా బేరమాడెడివాడు కాడు. అటార్నీ కాగితములు సిద్ధపఱచి తెచ్చియిచ్చెడివాడు. ఆ రుసుము గౌరవదక్షిణ వంటిదై యుండెను. దానికై బారిష్టరు దావా వేయరాకుండెను. ఆనాడు చెన్నపురి బారిష్టరులలో పేరుమోసినవారు ఎక్కువగా ఐరోపీయులు, అరవవారును. తెలుగువారు హైకోర్టునకు కొత్త గారు. 1891 కాంగ్రెసునకు అధ్యక్షత వహించిన ఆనందాచార్యులుగారు అక్కడి వకీళ్ళలో అగ్రగణ్యులు. కాని తెలుగు జిల్లాల కక్షిదారునకు తన యూరి మాట తెలిసి, తన కాగితములు చదువగల బారిష్టరు కావలసియుండెను. ఆ కొఱతను పంతులుగారు తీర్చిరి. సివిలు, క్రిమినలు రెండింటను ఆయన వాదించెను. లా టైమ్సు అను న్యాయపత్రికను గూడ నడపెను.

క్రిమినలు వ్యవహారములలో ముఖ్యమైనది ఆషు హత్యకు సంబంధించిన కుట్రకేసు. 1911 జూను 17 వ తేదీన తిరునెల్వేలి కలెక్టరు ఆషు దొరను మణియాచ్చి రైలుస్టేషనులో వాంచి అయ్యరు కాల్చి, తానును కాల్చుకొని మరణించెను. పిదప నీలకంఠ బ్రహ్మచారి మొదలుగా పదునలుగురిపై కుట్రనేరము మోపబడెను. హైకోర్టునందు ముగ్గురు న్యాయమూర్తులు విచారించిరి. వారిలో శంకరన్ నాయరుగారొకరు. ముద్దాయిల పక్షమున నిలిచిన న్యాయవాదులలో ప్రకాశము పంతులుగారుండిరి. దొరతనమువారి కోపమునకు వెఱచి పలువురు దూరముగా నున్న కాలమది. 1912 లో తీర్పు వచ్చెను. మొదటి ముద్దాయికి ఏడేండ్లు శిక్ష పడెను. ఉరిశిక్ష యెవ్వరికిని పడలేదు.

సివిలు పక్షమున అప్పీళ్ళలో పెద్దభాగము హిందూధర్మశాస్త్రమునకు సంబంధించినవి: దాయము, దత్తత, ఉమ్మడి కుటుంబపు అప్పులు, వితంతువుల హక్కులు. ఇచట మాకు కొంచెము విస్తరించి వ్రాయవలెనని యున్నది. చాళుక్య విక్రమాదిత్యుని కాలమున కల్యాణమందు విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షరయను వ్యాఖ్య రచించెను. దానిని పదుమూడవ శతాబ్దముననే కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగించెను. పుట్టుకతోనే కుమారునకు పితృధనమున స్వత్వము కలుగుననుట మితాక్షర మతము. తండ్రి మరణానంతరమే కలుగుననుట వంగదేశపు జీమూతవాహనుని మతము. తొల్లి కోర్టులయందు పండితులుండి శాస్త్రము చెప్పెడివారు. 1864 లో ఆ పదవులు రద్దయ్యెను. అటుపిమ్మట మితాక్షర దాయభాగమునకు కోల్‌బ్రూకు దొర 1810 లో ప్రకటించిన ఇంగ్లీషు అనువాదమే న్యాయస్థానములకు శరణ్యమాయెను. మన గ్రంథము మన దేశమున, మన వ్యాజ్యమున, పరభాషలో చదువబడుట! ఇంగ్లండున రోమను న్యాయము చదివి వచ్చిన బారిష్టరు అదే యనువాదమును చేతబట్టి వాదింపవలసివచ్చెను. దీనికై బారిష్టరులను నిందింపము. నింద పాఠశాలలలో సంస్కృతమును శ్లోకపఠనమునకే పరిమితము చేసిన మా వంటివారికిని గొంత చెందును.

అయితే శాస్త్రమొక్కటే చాలదు. 1868 లో రామనాథపుర సంస్థానపు దత్తత వ్యాజ్యమున ప్రివీకౌన్సిలువారు, స్పష్టముగా ఋజువైన ఆచారము గ్రంథవచనమును మించునని నిర్ణయించిరి. మన జిల్లాలలో రెడ్లు, కమ్మవారు పాటించు ఇల్లటపు సంప్రదాయమును, అనగా అల్లుని ఇంట నుంచుకొని ఆస్తిలో భాగమిచ్చుటను, హైకోర్టు అంగీకరించినదియు ఈ న్యాయము ననుసరించియే. ఆచారము ఋజువు చేయుట పుస్తకముతో గాదు, సాక్షులతో. పల్లెవాని మాట తెలిసిన న్యాయవాదికి విలువ యిచ్చటనే.

జమీందారీ వ్యాజ్యములు మఱియొక పెద్ద శాఖ. 1802 శాశ్వత పైసలా మొదలుకొని, విభజింపరాని సంస్థానములకు వారసుడెవ్వడు, పేష్కషు ఎంత, శిస్తు హెచ్చింపవచ్చునా అను తగవులు వంశములను దివాలా తీయించినవి. 1908 వ సంవత్సరపు ఎస్టేట్సు ల్యాండు ఆక్టు జమీను రైతునకు భూమిపై నిలుకడ హక్కు నిచ్చెను. దాని భాష్యమునకై మరల వ్యాజ్యములు పుట్టెను. ఇట్టి వివాదములలో న్యాయవాదుల యిండ్లు నిండినవి; రైతుల యిండ్లు నిండలేదు.

1921 లో గాంధీమహాత్ముని సహాయనిరాకరణోద్యమము రాగా, పంతులుగారు వృత్తి విడిచిరి. అక్టోబరులో స్వరాజ్య పత్రికను స్థాపించి, బారిష్టరుగా గడించిన ధనమును అందు ధారవోసిరి. తమ కుటుంబమునకు కొంతయైన నిలుపుకొనవలసినదని నేటికిని అనువారు కలరు. ఆ మాట మేమును విన్నాము, తోసిపుచ్చలేము.

కాని చదివిన న్యాయము వృథాపోలేదు. 1937 లో చెన్నరాజధాని మంత్రివర్గమున రెవిన్యూ మంత్రియై, జమీందారీ విచారణ సంఘమునకు ఆయన అధ్యక్షత వహించెను. 1802 నాటి శాసనములను, సన్నదులను, పైకోర్టుల తీర్పులను తిరుగవేసి, భూమికి యజమాని రైతే. జమీందారు శిస్తు వసూలు చేయువాడు మాత్రమే యని ఆ సంఘము 1938 లో నివేదిక సమర్పించెను. జమీందారుల పక్షమున పెద్ద న్యాయవాదులు దానిని ఖండించిరి. 1939 లో మంత్రివర్గము రాజీనామా యిచ్చుటచే అది అప్పటికి అమలు గాలేదు. 1948 లో చెన్నరాజధాని శాసనసభ ఎస్టేట్ల రద్దు చట్టమును ఆమోదించెను.