సబ్బు, వంకాయ, పసుపు జెండా

గాబ్రియెల్ గార్సియా మార్క్వెజ్ నవల ‘కలరా కాలంలో ప్రేమ’ 1985లో వచ్చింది. ఒకే స్త్రీ కోసం అర్ధ శతాబ్దం కాచుకున్న ఫ్లోరెంటీనో అరీసా కథగానే దానికి పేరు. నన్నడిగితే, అందులోని గొప్ప పుటలు ఆ నిరీక్షణవి కావు. ఫెర్మీనా దాసా, డాక్టర్ హువెనాల్ ఉర్బీనోల యాభై ఏళ్ల కాపురానివి. కొలంబియా కరీబియన్ తీరంలో సాగిన ఆ కాపురాన్ని, అందులోని వస్తువుల్నే పట్టుకుని చదవాలి.

వంకాయ: తంతి ఆఫీసు కుర్రాడు ఫ్లోరెంటీనోతో పెళ్లికి ఒప్పుకుంటూ పడుచు ఫెర్మీనా పెట్టిన షరతు, తనచేత వంకాయ తినిపించకూడదని. ఆ పెళ్లి జరగలేదు. డాక్టరును చేసుకుని వెళ్లిన అత్తింట్లో రోజూ వంకాయే. వయసు మళ్లాక ఒక విందులో అదేమిటో తెలియక తిని, మళ్లీ వడ్డించుకుంది. అక్కణ్ణుంచి వాళ్లింట్లో తరచూ వంకాయే. ఇష్టాయిష్టాలే మనిషి స్వభావమని పడుచుదనంలో అనుకుంటాం. కాపురం వాటినీ వదలదు.

సబ్బు: నవలకు గుండెకాయ ఇదే. వారం రోజులుగా సబ్బు లేకుండా స్నానం చేస్తున్నానని డాక్టరు అన్నాడు. నిజానికి మూడు రోజులే. కొత్తది పెట్టడం ఫెర్మీనా మరిచిపోయింది. తప్పు దొరికిపోయిందన్న ఉక్రోషంతో, సబ్బు ఎప్పుడూ అక్కడే ఉందని ఆమె పట్టుబట్టింది. ఆయన అలిగి ఆస్పత్రిలో పడుకోవడం మొదలుపెట్టాడు. నెలల తరబడి మాటల్లేవు. చివరికి ఒక రాత్రి పాత మంచంమీద నడుం వాల్చిన ఆయనను ఆమె లేపితే, సబ్బు ఉందని ఒప్పేసుకుని అక్కడే ఉండిపోయాడు. ఇద్దరి మాటలోనూ అబద్ధం ఉంది, ఇద్దరి కోపంలోనూ నిజం ఉంది. తన పక్క తనకు దక్కడం కోసం ఆయన వదులుకున్నది వాదన ఒక్కటే, దాన్ని ఓటమి అనడానికి నాకు మనసొప్పదు. కానీ సబ్బు లేదని చూసినవాడు తనే తెచ్చి పెట్టుకోవచ్చు కదా? ఆ ఆలోచన ఆయనకు రాదు. ఇంటి బరువంతా ఎవరి నెత్తిన ఉందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

టై ముడి: ఎనభై దాటిన డాక్టరుకు లోదుస్తుల నుంచి టై ముడి దాకా ఆమే తొడుగుతుంది. ప్రేమతో మొదలుపెట్టిన పని, తరవాత ఆయనకు చేతకాక తప్పనిసరి అయింది. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో ఆమెకూ తెలియదు. అలాంటి మనిషి, మామిడిచెట్టెక్కిన చిలుకను పట్టుకోబోయి పడి చనిపోతాడు.

లెక్క: 51 ఏళ్ల 9 నెలల 4 రోజులు. ఫెర్మీనా తనను కాదన్నప్పటి నుంచి ఫ్లోరెంటీనో నిరీక్షణకు నవల కట్టిన లెక్క ఇది. డాక్టరు పోయిన రోజే విధవరాలి ముందు నిలబడి అతను తన ప్రేమను మళ్లీ చెప్పాడు. ఆమె బయటికి పొమ్మంది, సరిగ్గా చేసింది. అతని నోటుపుస్తకాల్లో మరో లెక్క ఉంది: 622 వ్యవహారాలు. చివరిదైన అమెరికా వికూన్యా పద్నాలుగేళ్ల పిల్ల, సంరక్షణ కోసం అతనికి అప్పగించిన పిల్ల. అతను దూరం పెట్టాక ప్రాణం తీసుకుంటుంది. నవల ఈ చావును త్వరత్వరగా దాటేస్తుంది. అంత తేలిగ్గా దాటడం నా వల్ల కాలేదు.

ఉత్తరాలు: ఫెర్మీనాను కదిలించింది ఆ నిరీక్షణ లెక్క కాదు. ముసలితనం మీద, చావు మీద ఆలోచనలుగా అతను టైపు కొట్టి పంపిన ఉత్తరాలు. వైధవ్యపు రోజుల్లో ఆమెకు అక్కరకొచ్చినవి అవే.

పసుపు జెండా: మాగ్దలేనా నది మీద ఓడలో ఇద్దరూ ఒకటవుతారు. తన ఒంటికి ముసలి వాసన పట్టిందని ఆమెకు తెలుసు, అతనికీ అంతే. రేవులో తెలిసినవాళ్లు కనిపించేసరికి ఆమె ఇబ్బంది పడుతుంది. ప్రయాణికులు ఎక్కకుండా ఓడ తిరిగి వెళ్లాలంటే ఒకటే దారి, కలరా ఉందని పసుపు జెండా ఎగరేయడం. రోగానికి జనం దారిస్తారు, ముసలివాళ్ల ప్రేమకు ఇవ్వరు. ఆ వయసులో ప్రేమ అసహ్యమన్న కూతురు ఒఫేలియాను ఇంట్లోంచి వెళ్లగొట్టాకే ఫెర్మీనా ఆ ఓడ ఎక్కింది.