ఇల్లు అందరిదీ... తాళంచెవి గూగుల్‌ది

పోయిన నెల అటక మీంచి ఓ పాత ఫోను దించి, గూగుల్ వాసన తగలని ఆండ్రాయిడ్ ఎక్కించాను. అంతా ఓపెన్ సోర్సే. మహా గర్వంగా, మా కాలనీకి మంచినీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో చెప్పడానికి నేనే రాసిన యాప్ అందులో వేశా. మ్యాపు రాలేదు. నోటిఫికేషనూ రాలేదు. గూగుల్ ప్లే సర్వీసెస్ లేదట! నా ఫోను, నా కోడు... మధ్యలో ఈయనెవరు? తీరా చూస్తే పిలిచి కూర్చోబెట్టింది నేనే, డిపెండెన్సీల్లో రెండు లైన్లు రాసి.

ఈయన ఎలా వచ్చాడో చూద్దామని కాస్త వెనక్కి వెళ్ళాను.

2007 నవంబరులో గూగుల్ ఆండ్రాయిడ్‌ని ప్రకటించింది. మరుసటి ఏడాది సోర్సు కోడు అపాచీ లైసెన్సుతో బయటికొచ్చింది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. అయితే జీమెయిల్, మ్యాప్స్, మార్కెట్ లాంటివి మాత్రం మొదట్నించీ మూసిన పెట్టెలే. 2009లో సయనోజెన్ రామ్ తయారుచేసిన స్టీవ్ కాండిక్ వాటిని కూడా కలిపి పంచితే గూగుల్ నుంచి లీగల్ నోటీసు వచ్చింది. గీత ఎక్కడుందో అందరికీ అప్పుడే తెలిసింది.

2010లో ఫ్రోయోతో పాటు సీ2డీఎం వచ్చింది. ప్రతి యాపూ తన సర్వరుకి విడివిడిగా కనెక్షన్ పట్టుకు కూర్చుంటే బ్యాటరీ మధ్యాహ్నానికే గోవిందా. అందుకని ఫోనంతటికీ ఒకటే కనెక్షన్, మెసేజీలన్నీ అందులోంచే. ఇంజనీరుగా నాకిది నచ్చే డిజైనే. కాకపోతే ఆ తీగ రెండో కొస గూగుల్ చేతిలో ఉంది. అదే 2012లో జీసీఎం, 2016లో ఎఫ్‌సీఎం అయింది.

2012 సెప్టెంబరులో ప్లే సర్వీసెస్ వచ్చింది. దానికీ న్యాయమైన కారణమే ఉంది. ఫోన్ల కంపెనీలు అప్‌డేట్లు ఇచ్చేవి కావు. చాలా ఫోన్లు ఇంకా 2010 నాటి జింజర్‌బ్రెడ్ దగ్గరే ఉండిపోయాయి. ప్లే సర్వీసెస్ అయితే ఎవర్నీ అడక్కుండా వెనకాల తనంతట తానే అప్‌డేట్ అవుతుంది, పాత ఫోన్లకీ కొత్త ఏపీఐలు అందుతాయి. రోగం నిజమే, మందూ పనిచేసింది. కానీ 2013లో ఫ్యూజ్డ్ లొకేషన్ కూడా ఓపెన్ సోర్సులోకి కాకుండా ఇందులోకే వెళ్ళింది. ఇలా ఒక్కొక్కటే సామాను పక్కింటికి చేరింది. మనమూ సుఖంగా ఉందని వెనకాలే వెళ్ళాం.

దీని బలం ఎంతో 2019లో హువావేకి తెలిసొచ్చింది. అమెరికా ఆంక్షల తర్వాత కూడా ఆండ్రాయిడ్ సోర్సు వాడుకోకుండా వాళ్ళని ఎవరూ ఆపలేదు. ఆగింది గూగుల్ సర్వీసులే. మేట్ 30 అవి లేకుండానే వచ్చింది. చైనా బయట ఆ కంపెనీ అమ్మకాలు గట్టి దెబ్బ తిన్నాయి.

మన దగ్గరా ఈ గొడవ నడిచింది. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కి 1,337.76 కోట్ల జరిమానా వేసి, ప్లే సర్వీసెస్ ఏపీఐలని అడ్డుపెట్టుకుని ఎవరికీ నష్టం చెయ్యొద్దని కూడా చెప్పింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాని ఉంచి, ఆ ఆదేశాన్ని కొట్టేసింది. పేపర్లలో జరిమానా అంకె మారుమోగింది గానీ, మనలాంటి వాళ్ళకి అసలు సంగతి ఆ రెండోదే.

మైక్రోజీ అని ఓపెన్ సోర్సు ప్రత్యామ్నాయం ఒకటుంది. గుడ్డిలో మెల్ల. పుష్ మెసేజీలకి అదీ గూగుల్ సర్వర్లకే వెళ్ళాలి.

సరే, తిట్టుకుంటూ కూర్చుంటే పనవదు కదా. రెండు వీకెండ్లు పెట్టి మ్యాపుని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కి, లొకేషన్‌ని మామూలు ఆండ్రాయిడ్ ఏపీఐకి మార్చా. రెండూ హాయిగా పనిచేస్తున్నాయి. నోటిఫికేషన్లకి మాత్రం, ఎఫ్‌సీఎం లేని ఫోన్లలో యాపే వెళ్ళి సర్వరుని అడిగేలా పెట్టా. వర్క్‌మేనేజరు 15 నిమిషాల కంటే తరచుగా అడగనివ్వదు.

ట్యాంకరేమో మా వీధిలో పది నిమిషాలు కూడా ఆగదు!

అందుకని ఎఫ్‌సీఎంని పూర్తిగా తీసెయ్యలేకపోయాను. స్వేచ్ఛ కావాలి, బిందెలూ నిండాలి. ఈసారి మాత్రం ఆ లైను రాసేటప్పుడు, ఎవరికి తాళంచెవి ఇస్తున్నానో తెలిసే ఇచ్చాను.