పలువురి పక్షమున ఒక వ్యాజ్యము

గాలిని, నీటిని చెఱచిన కీడు ఒక్క యింటితో ఆగదు. ఐనను ఒక్కొక్కరి నష్టము స్వల్పముగా తోచుటచే న్యాయస్థానమునకు పోవువారు అరుదు. పోదలచినను ఖర్చునకు వెఱతురు. సమాన ప్రయోజనము గల పలువురి పక్షమున కొందఱు వ్యాజ్యము నడుపు పద్ధతి ఇందులకే ఏర్పడినది. 1908 నాటి సివిల్ ప్రక్రియా స్మృతిలోనే దానికి చోటు కలదు. ఇట్టి సామూహిక న్యాయపోరాటముల బలమును, బలహీనతను మధ్యప్రదేశ్‌లోని రెండు నగరముల చరిత్ర తెలుపుచున్నది.

రత్లాం పట్టణమున ఒక పేట వాసులు తెఱపి మురుగుకాలువల దుర్గంధమును, సారా కర్మాగారము వీధిలోనికి విడుచు మురికినీటిని భరింపలేక మేజిస్ట్రేటును ఆశ్రయించిరి. కాలువలు కట్టుటకు ధనము లేదని పురపాలక సంఘము వాదించెను. 1980లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు వి.ఆర్. కృష్ణయ్యర్, ఓ. చిన్నపరెడ్డి ఆ వాదమును త్రోసిపుచ్చిరి. చట్టము విధించిన పారిశుద్ధ్య ధర్మమును ధనాభావము తొలగింపజాలదని వారి తీర్పు. అచట మాట్లాడినవారు బాధపడినవారే.

భోపాల్ కథ వేఱు. 1984 డిసెంబరు 2వ తేది రాత్రి యూనియన్ కార్బైడ్ కర్మాగారమునుండి విషవాయువు వెలువడి వేలమందిని బలిగొనెను. 1985లో ప్రత్యేక చట్టముచేత బాధితులందఱి పక్షమున వాదించు అధికారమును కేంద్రప్రభుత్వము తానే గైకొనెను. నిరుపేదలు మహాసంస్థ నెదుర్కొనజాలరను తలంపు సమంజసమే. కాని 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరినపుడు బాధితుల నెవరును అడుగలేదు. వారి మాట వినవలసియుండెనని ఆ డిసెంబరులో సుప్రీంకోర్టు అంగీకరించియు రాజీని తొలగింపలేదు. రాజీతోపాటు రద్దయిన క్రిమినల్ విచారణను మాత్రము 1991లో పునరుద్ధరించెను. పరిహారమును పెంపగోరిన ప్రభుత్వ అభ్యర్థనను 2023లో నిరాకరించెను.

సొమ్ము పంచినను నేల శుద్ధి కాలేదు. కర్మాగారములోని వ్యర్థములను తొలగింపవలెనని 2004లో హైకోర్టున ప్రజాప్రయోజన వ్యాజ్యము దాఖలైనది. అందలి ఆజ్ఞపై 337 టన్నుల వ్యర్థములు 2025 జనవరిలో పీతంపూరునకు తరలి, అచట దహింపబడినవి. తమ ఊరికి ఆ విషమేలయని పీతంపూరు ప్రజలు ఆందోళన చేసిరి.

పలువురి పేర నడచు వ్యాజ్యము బలహీనునకు బలమిచ్చును. ఆ పలువురి నడుగక ముగిసినచో, తీర్పు వెలువడియు తగవు తీఱదు.