పాము కాటు, సెల్‌ఫోను, పడమటి కర్నూలు: ఆన్‌లైన్ ఆరోగ్య సమాచారంపై ఒక పరిశీలన

దసరా రాత్రి కర్నూలు జిల్లా దేవరగట్టు బన్ని కర్రల ఉత్సవంలో తలలు పగిలినవాళ్లు, పక్కనే వైద్య శిబిరం ఉన్నా, గాయానికి బండారు (పసుపు) అద్దుకొని ఇంటిదారి పట్టడం ఏటా చూసేదే. కర్ర దెబ్బకు ఆ ధీమా ఒక్కోసారి చెల్లుతుందేమో గాని, అదే నేలమీద పాము కరిస్తే చెల్లదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాము కాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. 2000–2019 మధ్య దేశంలో దాదాపు 12 లక్షల మంది దీనితో చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. మరణాలు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

తెలుగులో ఈ విషయం వెదికితే ఎక్కువగా ఎదురయ్యేది పాముల గుర్తింపు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. చూడ్డానికి బాగుంటుంది, కాటు పడ్డవాడికి మాత్రం పెద్దగా అక్కరకు రాదు. మన ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు మందు ఈ నాలుగింటికీ ఒక్కటే. పామును వెతికి చంపి తీసుకుపోదామనుకుంటే పోయేది సమయం, వచ్చేది ఇంకో కాటు.

అసలు చిక్కు కట్లపాముతో. కోసిగి, హొళగుంద వైపు నుంచి కుటుంబాలు గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే కూలి వలస పోతాయి. గుడారాల్లో కటిక నేలమీదే పడక. కట్లపాము రాత్రిళ్లు నిద్రలో ఉన్నవాళ్లను కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటూ కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, ఆపైన రెప్పలు వాలిపోవడం, మాట ముద్దకట్టడం, చివరికి ఊపిరి అందకపోవడం. పాము ఊసే తెలియని ఇంటివాళ్లు ఫోనులో కడుపునొప్పికి మందు అడుగుతారు. వాము నమలమనే సలహా దొరుకుతుంది. కాబట్టి కట్లపాము హెచ్చరిక ఉండాల్సిన చోటు పాముల పేజీ కాదు, కడుపునొప్పి పేజీ.

ఆసుపత్రి గుమ్మం దాటాక జరిగేది కూడా ఎవరూ విడమరిచి చెప్పరు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారిందంటే పింజరి విషం ఎక్కినట్టు. ఇది తెలియని బంధువులకు ఆ 20 నిమిషాలు డాక్టరు నిర్లక్ష్యంగా తోస్తాయి. రోగిని లేవదీసుకుని పసరు మందు దగ్గరికి పోయే ప్రమాదం అక్కడే. పిల్లలకూ పెద్దలకూ మందు మోతాదు ఒకటేనన్న మాట కూడా ముందే చెవిన పడాలి, పాము పసిబిడ్డ కదా అని విషం తగ్గించి వదలదు గదా.

కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, ఉంగరాలు మెట్టెలు తీసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి 108కి ఫోన్ చేయాలి. ఈ సలహాలు తెలుగులో దొరుకుతాయి, అయితే చాలావరకు చదవగలిగిన వాళ్లకే. అక్షరాస్యతలో జిల్లాలోనే వెనకబడిన కోసిగి, హొళగుంద లాంటి మండలాలకు ఇవి గొంతు రూపంలో కావాలి. కొన్ని ఇళ్లకు కన్నడంలోనూ కావాలి.

ఈ వైపు ఉన్న ఆదోని, ఆలూరు 1953 దాకా, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న బళ్లారి జిల్లాలోనివే. పాము కాటును తప్పనిసరిగా నమోదు చేయాలని కర్ణాటక 2024 ఫిబ్రవరిలో ఆదేశించింది. మరుసటి నెల కేంద్రం జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చి, 15400 సహాయ నంబరును ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన అయిదు చోట్లలో ఆంధ్రప్రదేశ్‌ను చేర్చింది. నంబర్లు, ఆదేశాలు సరిహద్దు దగ్గర ఆగుతాయి, రోగి ఆగడు. ఈ రాత్రి ఆదోనిలో మందు ఉందా, వెంటిలేటర్ కోసం కర్నూలు పోవాలా, సిరుగుప్ప మీదుగా బళ్లారి దగ్గరా అన్నది హొళగుంద మనిషికి ఫోనులో ముందుగా వినబడాలి. పాముల బొమ్మలు తర్వాత.