ఎఱ్ఱగా కనబడు పచ్చదనము

సూరతు నగరమునకు దక్షిణమున, నవసారికి పోవు దారిలో, ఉన్ అను ప్రాంతము కలదు. నేడది నగరములో కలిసిపోయినది. మగ్గముల పనికై తెలంగాణమునుండి తరలివచ్చిన నేతకుటుంబములు ఈ నగరమున పెక్కు గలవు గనుక సూరతు మనకు పరాయి యూరు కాదు. ఇటువంటి చోట పొలము పోయి ఇల్లు లేచినపుడు ఎన్ని చెట్లు కూలినవో లెక్క చెప్పువారెవరు? ఆ లెక్కను నేడు ఆకాశమునుండి తీయుచున్నారు. ఆ విద్య మన దేశమున పెరిగిన విధము తెలిసికొనదగినది.

1970లో, కేరళమున కొబ్బరితోటలకు వేరుతెగులు సోకియుండగా, పిషారటీగారి బృందము హెలికాప్టరునుండి పరారుణ ఫిలిముతో ఛాయాచిత్రములు తీసెను. ఆరోగ్యముగల ఆకు ఎఱ్ఱని వెలుగును పీల్చుకొని, కంటికి కానరాని పరారుణమును మిక్కుటముగా తిప్పికొట్టును. అందుచే అట్టి చిత్రములలో పచ్చనిచెట్టు ఎఱ్ఱగా కనబడును. ఎఱుపును చూచి పచ్చదనమని చదువుకొనవలెనన్న మాట!

1974లో ఏర్పడిన జాతీయ దూరసంవేదన సంస్థకు హైదరాబాదే నెలవైనది. తొలుత అమెరికా ఉపగ్రహముల చిత్రములే దిక్కు. 1988 మార్చి 17న మన ఐ.ఆర్.ఎస్.-1ఏ సోవియట్ దేశపు బైకనూరునుండి ఎగసెను. దాని కెమేరాలలో నొకదానికి 72.5 మీటర్ల చదరము, అనగా ఎకరమునకు మించిన నేల, ఒక్క చుక్క! 2007 నాటి కార్టోశాట్-2 మీటరుకన్న చిన్న వివరమును సైతము పట్టగలిగెను గాని, దాని చిత్రము నలుపు తెలుపే. చెట్టు దొరకినది, రంగు దొరకలేదు.

భారత అటవీ సర్వేక్షణ సంస్థవారి 2021 నివేదిక ననుసరించి, పదేండ్లలో హైదరాబాదు నగరపు అటవీ విస్తీర్ణము 33.15 నుండి 81.81 చదరపు కిలోమీటర్లకు పెరిగెను, అహమ్మదాబాదులో 17.96 నుండి 9.41కి తగ్గెను. మనవారు సంతసింపవచ్చును. అయితే ఆ లెక్కలో హెక్టారు నేలపై పదవవంతు నీడ పరచుకొనినచో, అది తోటయైనను, ఎవరి సొత్తైనను, అడవియే. ఆ హైదరాబాదుననే 2025లో కంచ గచ్చిబౌలియందు యంత్రములు చెట్లను కూల్చుచుండగా, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించవలసివచ్చెను. అచ్చటి వివాదస్థలము సుమారు 400 ఎకరములు; ఉపగ్రహపు కంటికి చక్కగా ఆనునంతటిది.

ఉన్ వంటి పేటలో ఇంటి ముంగిటి ఒంటి వేపచెట్టు ఆ హెక్టారు నియమమునకు అందదు. అట్టివానిని ఆ సంస్థవారు నేలమీద కొన్ని చోట్ల కొలిచి, తక్కినవానిని అంచనా కట్టుచున్నారు.