కారు రూఫ్ మీద యాంటెన్నా కవర్ పగిలిందా? మీరే మార్చుకునే ముందు తెలుసుకోవాల్సినవి

కారు రూఫ్ వెనక భాగంలో చేప రెక్కలా కనిపించే చిన్న ప్లాస్టిక్ భాగాన్ని షార్క్ ఫిన్ యాంటెన్నా అంటారు. ఇది పగలడానికి పెద్ద ప్రమాదమే జరగనక్కర్లేదు. ఎత్తు తక్కువ ఉన్న సెల్లార్ పార్కింగ్, కార్ వాష్ బ్రష్, చెట్టు కొమ్మ, రూఫ్ మీదికెక్కిన కోతి, వీటిలో ఏదైనా చాలు. ఏళ్ల తరబడి ఎండలో నిలిపిన కార్లలో ప్లాస్టిక్ పెళుసుబారి, కారుకు గుడ్డ కవర్ కప్పి లాగినప్పుడు కూడా విరిగిపోతుంది.

కవర్ పగిలినా రేడియో మోగుతూనే ఉంటుంది కాబట్టి చాలామంది దీన్ని పట్టించుకోరు. కానీ ఆ కవర్ కింద కారు రూఫ్‌కు ఒక రంధ్రం ఉంటుంది. దాని చుట్టూ ఉండే రబ్బరు గ్యాస్కెట్ బాగున్నంత వరకు ఇది చిన్న పనే. గ్యాస్కెట్ దెబ్బతిని ఉంటే, తొలి వానకే నీరు లోపలి రూఫ్ లైనింగ్‌లోకి, అక్కడి నుంచి వైరింగ్‌లోకి చేరుతుంది. అందుకే ఏ భాగం కొనాలన్నది తర్వాత ఆలోచించవచ్చు. ముందు ఏది పగిలిందో తేల్చుకోవాలి.

యాంటెన్నాలో ఏముంటుంది?

షార్క్ ఫిన్‌లో మూడు భాగాలు ఉంటాయని అనుకోవచ్చు. పైన రంగు వేసిన ప్లాస్టిక్ కవర్. దాని కింద సర్క్యూట్ ఉండే బేస్. బేస్‌కూ రూఫ్‌కూ మధ్య రబ్బరు గ్యాస్కెట్. బేస్‌ను లోపలి వైపు నుంచి నట్‌తో బిగిస్తారు. కేబుళ్లు ఆ రంధ్రం గుండానే కారులోకి వెళ్తాయి.

ఎఫ్ఎం ప్రసారాలు 100 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో ఉంటాయి. ఆ తరంగాలను అందుకోవడానికి మామూలు కడ్డీ యాంటెన్నా అయితే సుమారు 75 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. పాత కార్లలో పొడవాటి కడ్డీలు ఉండటానికి కారణం ఇదే. షార్క్ ఫిన్‌లో అంత చోటు ఉండదు కనుక చుట్టలు చుట్టిన తీగను, సిగ్నల్‌ను పెంచే చిన్న యాంప్లిఫయర్‌ను వాడతారు. జీపీఎస్ పనిచేసేది 1575.42 మెగాహెర్ట్జ్ వద్ద. దానికి బిళ్ల లాంటి చిన్న సిరామిక్ యాంటెన్నా సరిపోతుంది. అది ఆకాశం వైపు చూస్తూ ఉంటుంది. ఇంటర్నెట్‌తో అనుసంధానమైన కార్లలో మొబైల్ నెట్‌వర్క్ యాంటెన్నా కూడా కొన్ని మోడళ్లలో ఈ ఫిన్‌లోనే ఉంటుంది. అలాంటి కార్లలో అత్యవసర ఎస్ఓఎస్ కాల్ కూడా దీని మీదే ఆధారపడవచ్చు.

దీనికి భిన్నంగా, కొన్ని కార్ల మీద ఉండేది అలంకారానికి అతికించిన డొల్ల ఫిన్ మాత్రమే. ఎఫ్ఎం యాంటెన్నా వెనక అద్దంలో సన్నని గీతల రూపంలో ఉంటుంది. మీ కారు ఏ రకమో ఓనర్స్ మాన్యువల్‌లో చూసుకోండి.

ముందు పది నిమిషాల పరీక్ష

కారును ఆరుబయట నిలిపి మూడు విషయాలు చూడండి.

మొదటిది సిగ్నల్. మీ ఊళ్లో బాగా వినిపించే ఎఫ్ఎం స్టేషన్ పెట్టండి. కారుకు సొంత నావిగేషన్ ఉంటే లొకేషన్ సరిగ్గా చూపిస్తోందో లేదో గమనించండి. ఫోన్‌ను కలిపి వాడే మ్యాప్స్‌ను మాత్రమే నమ్ముకోకండి, అవి ఫోన్ జీపీఎస్‌తో కూడా నడుస్తాయి.

రెండోది కదలిక. బేస్‌ను రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా కదిపి చూడండి. గట్టిగా ఉంటే దెబ్బ కవర్‌కే పరిమితమై ఉండే అవకాశం ఎక్కువ. ఊగుతుంటే లోపలి నట్ వదులైందనో, బేస్ పగిలిందనో అర్థం.

మూడోది తేమ. ఫిన్‌కు సరిగ్గా కింద, లోపలి రూఫ్ లైనింగ్‌ను చేత్తో తాకి చూడండి. తడి, పసుపు మరక, ముక్కవాసన ఉంటే నీరు ఇప్పటికే దిగుతోంది.

సిగ్నల్ బాగుండి, బేస్ కదలకుండా, లోపల పొడిగా ఉంటే కవర్ మార్చే పని ఇంట్లోనే చేసుకోవచ్చు. మూడింటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా అది వర్క్‌షాప్ పని.

ఏది కొనాలి?

మొదట కారు కంపెనీ విడిభాగాల కౌంటర్‌లో అడగండి. మీ కారు 17 అక్షరాల ఛాసిస్ నంబర్ చెబితే సరైన పార్ట్ నంబర్ తెలుస్తుంది. కొన్ని మోడళ్లకు కవర్ విడిగా దొరుకుతుంది. చాలా మోడళ్లకు మొత్తం యాంటెన్నా అసెంబ్లీనే అమ్ముతారు. రంగు వేసిన భాగం కావాలంటే కారు మీది స్టిక్కర్‌లో ఉండే పెయింట్ కోడ్ కూడా చెప్పాలి.

కంపెనీలో విడి కవర్ లేకపోతే విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట, ఢిల్లీ కశ్మీరీ గేట్ లాంటి మార్కెట్లలో ప్రయత్నించవచ్చు. పాత భాగం తీసుకుంటే కవర్ లోపలి క్లిప్పులు విరగకుండా ఉన్నాయా, అంచు వంకరపోయిందా అన్నది చూసుకోవాలి.

ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు దొరికే యూనివర్సల్ ఫిన్‌లు చాలావరకు డబుల్ సైడ్ టేప్‌తో అతికించేవి. ఇవి రూపం ఇస్తాయి కానీ, పగిలిన అసలు యాంటెన్నా చేసే పనులన్నీ చేయవు. అసలు బేస్ పూర్తిగా లోపల పట్టేంత ఖాళీ ఉంటేనే అలాంటిది పనికొస్తుంది.

రంగు విషయంలో ఒక జాగ్రత్త. క్రోమ్ పూత, లోహపు రేకు, అసలైన కార్బన్ ఫైబర్ కవర్లు వద్దు. ఇవి విద్యుత్ వాహకాలు కనుక సిగ్నల్‌ను అడ్డుకుంటాయి. లోహపు పొడి ఎక్కువగా ఉండే పెయింట్‌ను మందంగా కొట్టినా జీపీఎస్ బలహీనపడవచ్చు.

బీమా క్లెయిమ్ లాభమా?

చాలాసార్లు కాదు. సాధారణ కాంప్రహెన్సివ్ పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం తరుగు తీసేస్తారు. ఆపైన 1500 సీసీ లోపు ప్రైవేటు కార్లకు తప్పనిసరి మినహాయింపు 1,000 రూపాయలు. ఉదాహరణకు భాగం ధర 3,000 రూపాయలు అనుకుంటే తరుగు పోగా మిగిలేది 1,500, మినహాయింపు పోగా చేతికొచ్చేది 500. దానికోసం మరుసటి ఏడాది నో క్లెయిమ్ బోనస్ వదులుకోవాలి. జీరో డిప్రిసియేషన్ పాలసీలో తరుగు తీయరు కానీ బోనస్ లెక్క మాత్రం చూసుకోవాల్సిందే.

కారు ఇంకా వారంటీలో ఉంటే, విప్పే ముందు సర్వీస్ సెంటర్‌ను అడగడం మేలు. సొంతంగా విప్పిన చోట తర్వాత నీరు కారితే వారంటీ విషయంలో వాదన తప్పకపోవచ్చు.

కవర్ మార్చే విధానం

కావాల్సినవి: ప్లాస్టిక్ ట్రిమ్ టూల్, మాస్కింగ్ టేప్, హెయిర్ డ్రయర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి గుడ్డ, టార్చ్. స్క్రూడ్రైవర్‌తో పైకి ఎత్తకండి, పెయింట్ గీసుకుపోతుంది. పెయింట్ పోయిన చోట తుప్పు మొదలవుతుంది.

1. నీడలో, రూఫ్ చల్లబడ్డాక పని మొదలుపెట్టండి. కారు ఆఫ్ చేసి ఉంచండి. ఫిన్ చుట్టూ రూఫ్ మీద మాస్కింగ్ టేప్ రెండు వరుసలు అంటించండి.

2. పగిలిన కవర్‌ను ఫొటో తీసుకోండి. క్లిప్పులు ఏ వైపు ఉన్నాయో, దాన్ని పైకి లాగాలా, వెనక్కి జరపాలా అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. కొత్త కవర్‌ను తిప్పి చూస్తే క్లిప్పుల చోటు తెలిసిపోతుంది. క్లిప్పులకు బదులు కింది నుంచి స్క్రూలు కనిపిస్తే బేస్ మొత్తం తీయాలి. ఇక్కడే ఆగి మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

3. హెయిర్ డ్రయర్‌తో ఒకటి రెండు నిమిషాలు గోరువెచ్చగా చేస్తే ప్లాస్టిక్ మెత్తబడుతుంది. ట్రిమ్ టూల్‌ను కవర్ అంచుకు, బేస్‌కు మధ్య మాత్రమే పెట్టండి. గ్యాస్కెట్ కిందికి పోనివ్వకండి. ఒక్కో క్లిప్పు విడిపిస్తూ చుట్టూ తిరగండి.

4. కవర్‌ను ఒక్కసారిగా లాగేయకండి. కొన్నింటిలో ఎఫ్ఎం తీగ కవర్‌కే అతికి ఉంటుంది, లేదా స్ప్రింగ్ లాంటి కాంటాక్ట్ ఉంటుంది. అది తెగితే రేడియో పోతుంది.

5. విరిగిన ముక్కలు, దుమ్ము తీసేయండి. గ్యాస్కెట్‌లో చీలిక, గట్టిపడిన చోటు ఉందేమో టార్చ్ వేసి చూడండి. సర్క్యూట్ మీద పచ్చని పొర కనిపిస్తే నీరు చేరి రాగి తుప్పు పట్టిందని అర్థం. అప్పుడు కొత్త కవర్ వేసి లాభం లేదు.

6. కొత్త కవర్‌ను వంకర లేకుండా కూర్చోబెట్టి, చుట్టూ సమానంగా నొక్కండి. ప్రతి క్లిప్పూ చప్పుడుతో పడాలి.

అతికించే రకమైతే రూఫ్‌ను ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక అంటించి అరనిమిషం గట్టిగా నొక్కండి. మంచి యాక్రిలిక్ ఫోమ్ టేప్ పూర్తి పట్టుకు రావడానికి సుమారు 72 గంటలు పడుతుంది. అప్పటి దాకా కారు కడగకండి.

జిగురు, సీలెంట్ విషయంలో

ఇన్‌స్టంట్ జిగురు ఎండలో పెళుసుబారుతుంది, చుట్టూ తెల్లటి పొర వదులుతుంది. వెనిగర్ వాసన వచ్చే సిలికోన్ ఆరేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది. లోహానికి, సర్క్యూట్‌కు అది చేటు. తప్పనిసరైతే న్యూట్రల్ క్యూర్ సిలికోన్ వాడండి. అయినా పాడైన గ్యాస్కెట్‌కు అది ప్రత్యామ్నాయం కాదు.

కొత్త భాగం వచ్చేలోపు వాన పడేలా ఉంటే, పారదర్శకమైన వాటర్‌ప్రూఫ్ టేప్‌తో పగులు మూసేయండి. అల్యూమినియం టేప్ సిగ్నల్‌ను ఆపేస్తుంది, వాడకండి.

మెకానిక్‌కు ఎప్పుడు వదిలేయాలి?

బేస్ మార్చాలంటే లోపలి రూఫ్ లైనింగ్‌ను వెనక నుంచి కిందికి దించాలి. సైడ్ కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌లు ఉన్న కార్లలో అవి రూఫ్ అంచుల వెంట, పిల్లర్ ట్రిమ్‌ల వెనకే ఉంటాయి. బ్యాటరీ కనెక్షన్ తీయకుండా, తయారీదారు చెప్పినంత సేపు ఆగకుండా అక్కడ చేయి పెట్టడం ప్రమాదకరం. సన్‌రూఫ్ ఉన్న కార్లలో లైనింగ్ దించడం ఇంకా కష్టం. పైగా నట్‌ను నిర్ణీత టార్క్‌తోనే బిగించాలి. ఎక్కువ బిగిస్తే గ్యాస్కెట్ నలిగి నీరు కారుతుంది.

వర్క్‌షాప్‌లో చేయిస్తే కొత్త గ్యాస్కెట్ వేశారా అని అడగండి. కేబుల్ కనెక్టర్లు చాలా కార్లలో రంగులవారీగా ఉంటాయి. ఫక్రా ప్రమాణంలో నీలం జీపీఎస్‌కు. కారు తీసుకునే ముందు రేడియో, నావిగేషన్, కనెక్టెడ్ సేవలు విడివిడిగా చూసుకోండి.

చివరి పరీక్ష

పని ఎవరు చేసినా నీటి పరీక్ష తప్పనిసరి. మామూలు పైపుతో, ఒత్తిడి లేకుండా, ఫిన్ చుట్టూ ఐదు నుంచి పది నిమిషాలు నీళ్లు వదలండి. మరొకరు కారులో కూర్చుని టార్చ్‌తో లైనింగ్‌ను గమనించాలి. ప్రెషర్ వాషర్ వాడితే బాగున్న సీల్ గుండా కూడా నీరు దూరవచ్చు. తర్వాత రెండు మూడు వానల దాకా లైనింగ్‌ను అప్పుడప్పుడు తాకి చూస్తుండండి. చేతికి చల్లగా తగిలితే మరక కోసం ఎదురుచూడకుండా వర్క్‌షాప్‌కు తీసుకెళ్లండి.